రొమ్ము క్యాన్సర్‌కు తొలి కీమో: ముందు వారం నుంచి ఆ రాత్రి వరకు ఏం చేయాలి

రొమ్ము క్యాన్సర్ అని తేలి, కీమోథెరపీ మొదలుపెట్టే తేదీ చేతికి వచ్చిన తర్వాత చాలా కుటుంబాలు ఆ తేదీ గురించి భయపడుతూ రోజులు గడిపేస్తాయి. ఆ లోపు చేసుకోవలసిన పనులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని తొలి కీమో పడ్డాక చేయడానికి వీలుకానివి కూడా. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే కాబట్టి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. సంస్థలో గానీ, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రిలో గానీ, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రిలో గానీ ఏ రోజు డే కేర్ వార్డుకు వెళ్లినా మొదటిసారి కీమోకు వచ్చిన స్త్రీలు కనిపిస్తారు. ఈ వ్యాసం వారి కోసం, వారి వెంట వచ్చేవారి కోసం. కీమో మందులు మనిషిని బట్టి, జబ్బు దశను బట్టి మారుతాయి. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి మొదట ఇచ్చే డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందుల జంట. దీన్ని డాక్టర్లు ‘ఏసీ’ అంటారు. సాధారణంగా 21 రోజులకు ఒకసారి చొప్పున నాలుగు సైకిల్స్ (విడతలు) ఇచ్చి, తర్వాత పాక్లిటాక్సెల్ అనే మందుకు మారతారు.

పనుల వివరాల్లోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో ఆడవాళ్లకు బాధను ఓర్చుకోవడం చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. సిస్టర్‌ను ఇబ్బంది పెట్టకూడదని, డాక్టరుగారు ఏమనుకుంటారోనని, పక్క కుర్చీలో ఉన్నావిడ ఏమీ అనడం లేదు కదా అని ఊరుకుంటారు. కీమో రోజున ఆ అలవాటు నిజంగా ప్రమాదం తెస్తుంది. చేతిలో చిన్న మంట, గొంతులో పట్టేసినట్టు ఉండడం, మర్నాడు కాస్త జ్వరం, ఇవన్నీ మీరు నోరు తెరిచి చెబితేనే ఎదుటివారికి తెలిసేవి. వెంటనే చెబితే తేలిగ్గా సర్దుకునేవి, గంటలు ఆగితే మొండికేసేవి కూడా ఇవే.

తేదీకి ముందు వారంలో

ముందుగా పరీక్షలు. రక్త కణాల సంఖ్య, కిడ్నీ, లివర్ పరీక్షలు తప్పనిసరి. హెపటైటిస్ బి ఉందో లేదో కూడా చూస్తారు, ఎందుకంటే ఒంట్లో నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ కీమో సమయంలో తిరిగి విజృంభించవచ్చు. డాక్సోరుబిసిన్ గుండె కండరం మీద ప్రభావం చూపగలదు కాబట్టి మొదలుపెట్టే ముందు టూడీ ఎకో (గుండె స్కాన్) తీస్తారు. ఇవన్నీ తేదీకి రెండు మూడు రోజుల ముందే చేతిలో ఉండేలా చూసుకుంటే, ఆ రోజు ఉదయం ల్యాబ్ దగ్గర సగం పూట నిలబడే బాధ తప్పుతుంది. పుచ్చిపోయిన పన్ను, చిగుళ్లలో చీము ఉంటే డాక్టరుకు చెప్పి ముందే చూపించుకోండి. తెల్ల రక్త కణాలు తగ్గిన రోజుల్లో ఆ పన్ను నుంచే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకవచ్చు, అప్పుడు పన్ను తీయడం కూడా కుదరదు.

మీరు వాడుతున్న మందులన్నింటి పేర్లూ ఒక కాగితం మీద రాయండి. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలతో పాటు రక్తం పలుచబడటానికి వాడేవి, ఆయుర్వేదం, హోమియో, ఎవరో తెచ్చిచ్చిన పసరు, పసుపు క్యాప్సూల్స్, కషాయాలు కూడా అందులో ఉండాలి. తిడతారేమోనని నాటు మందు సంగతి దాచేవారు చాలామంది ఉంటారు. వాటిలో కొన్ని లివర్‌ను దెబ్బతీస్తాయి, కొన్ని కీమో మందు ఒంట్లో కరిగే తీరును మారుస్తాయి. చెప్పకపోతే తర్వాత లివర్ పరీక్ష తేడాగా వచ్చినప్పుడు కారణం దొరకదు. కూరలో వేసుకునే పసుపు గురించి మాత్రం బెంగ అక్కర్లేదు.

పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవారు ఈ విషయాన్ని తొలి కీమోకు ముందే డాక్టరుతో మాట్లాడాలి. సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాలను దెబ్బతీసే మందుల్లో ఒకటి. అండాలను గానీ, పిండాలను గానీ ముందుగా తీసి భద్రపరిచే పద్ధతి ఉంది, దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. జబ్బు హడావుడిలో ఇంట్లో ఎవరికీ ఈ మాట ఎత్తడం తోచదు, పెళ్లికాని అమ్మాయి అయితే అసలే ఎత్తరు. అయినా అడగాలి, అడిగే హక్కు ఆమెకు ఉంది. కీమో జరుగుతున్నంత కాలం గర్భం రాకుండా జాగ్రత్త పడాలి, అయితే రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు హార్మోన్ల గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. వేరే పద్ధతి ఏదో డాక్టరునే అడగండి.

ఏసీ నాలుగు సార్లు, ఆ తర్వాత పాక్లిటాక్సెల్ వారానికొకటి చొప్పున పన్నెండు సార్లు అనుకుంటే, మొత్తం 16 సార్లు నరంలో సూది పడాలి. ఆపరేషన్ అయి చంకలో గడ్డలు తీసిన వైపు చేతికి వీలైనంత వరకు సూది వేయరు కాబట్టి మిగిలింది ఒక్క చెయ్యే. నరాలు సన్నగా ఉన్నవారు ఛాతీ చర్మం కింద కీమో పోర్ట్ (పెద్ద నరానికి కలిపే చిన్న డబ్బీ) గానీ, పైచేతి నరంలోంచి పిక్ లైన్ (పొడవాటి సన్నని గొట్టం) గానీ పెట్టించుకోవడం మంచిది. ఖర్చు ఉన్నా, దానివల్ల తప్పే బాధ చాలా ఎక్కువ. తొలి కీమోకు ముందే ఈ నిర్ణయం తీసుకుంటే నరాలు చెడిపోయాక ఆలోచించే అవసరం రాదు.

డబ్బు, కాగితాల పని ఆ వారంలోనే పూర్తి చేయండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమోథెరపీ ఉంది. తెలంగాణలో కుటుంబానికి ఏడాది పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి, రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు, స్కాన్ రిపోర్టులు చూపించి, ముందస్తు అనుమతి వచ్చిందో లేదో తేదీకి ముందే తెలుసుకోవాలి. అనుమతి రాకపోతే ఆ ఉదయం కుర్చీ ఖాళీగా ఉన్నా మందు మొదలుపెట్టరు. రైల్లో వచ్చేవారికి ఇంకో సౌకర్యం ఉంది. చికిత్స కోసం ప్రయాణించే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉంటాయి. దానికి ఆసుపత్రి వారు రైల్వే నమూనాలోనే ధ్రువపత్రం రాసివ్వాలి.

ఆమెకు తెలియాలి

మన దగ్గర ఇప్పటికీ చాలా ఇళ్లలో జబ్బు పేరు రోగికి చెప్పరు. ‘గడ్డకు సెలైన్ పెడతారమ్మా, నాలుగు సార్లు పెడితే తగ్గిపోతుంది’ అని తీసుకొస్తారు. రిపోర్టులు కొడుకు బ్యాగులో ఉంటాయి, డాక్టరు గదిలోకి అల్లుడో మరిదో ముందుగా వెళ్లి ‘ఆవిడ ముందు ఆ మాట అనకండి సార్’ అని బతిమాలుకుంటారు. ఇది ప్రేమతో చేసే పనే, అందులో సందేహం లేదు. అయినా కీమో విషయంలో ఇది నిలవదు, నిలవకూడదు కూడా. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టవలసింది ఆమె. ఒంట్లోకి ఎక్కేది ఏ మందో తెలియని మనిషి, జుట్టు రాలినప్పుడు తనకేదో ముంచుకొచ్చిందని కుంగిపోతుంది. జ్వరం వస్తే మామూలు జ్వరమే కదా అని మందుల దుకాణంలో మాత్ర తెప్పించుకుని పడుకుంటుంది.

అందుచేత తేదీకి రెండు మూడు రోజుల ముందే, ఆమె బాగా నమ్మే ఒకరు తీరిగ్గా కూర్చుని విషయం చెప్పాలి. అంకెలు, దశలు, లెక్కలు అన్నీ ఒకేసారి చెప్పనక్కర్లేదు. జబ్బు పేరు, ఇచ్చే మందు పేరు, ఎన్నిసార్లు ఇస్తారు, ఏమేమి ఇబ్బందులు రావచ్చు, అవి వస్తే ఎవరికి చెప్పాలి, ఇంతవరకు తెలిస్తే చాలు. చెప్పడం చేతకాకపోతే డాక్టరునో, ఆసుపత్రిలోని కౌన్సెలర్‌నో సాయం అడగండి. ఆమె ఎదురు ప్రశ్నలు వేస్తే విసుక్కోకుండా ఒక పుస్తకంలో రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. ఈ చికిత్స జబ్బును పూర్తిగా తగ్గించడానికా, అదుపులో ఉంచడానికా అన్న ప్రశ్న కూడా ఆ పుస్తకంలో ఉండాలి.

ముందు రోజు

అమావాస్య అనో, ఇంట్లో ఎవరో వారం మంచిది కాదన్నారనో తేదీ మార్చమని అడిగేవారు ఉంటారు. ఆ నమ్మకాన్ని ఇక్కడ చర్చించను గానీ, కీమోలో ఒక సైకిల్‌కూ ఇంకో సైకిల్‌కూ మధ్య విరామం కూడా చికిత్సలో భాగమని గుర్తుంచుకోవాలి. రక్త కణాలు తక్కువగా ఉన్నాయనో జ్వరం ఉందనో డాక్టరే వాయిదా వేస్తే కంగారు పడవద్దు. మీ అంతట మీరు మాత్రం వాయిదా వేయవద్దు.

ఆ రోజు సంచిలో పెట్టుకోవలసినవి పెద్దగా ఏమీ ఉండవు. రిపోర్టుల ఫైలు, ఆధార్, పథకం కాగితాలు, మందుల చీటీ, మీరు రోజూ వేసుకునే మాత్రలు, మంచినీళ్లు, ఇంటి భోజనం, ఒక శాలువా, వాంతి వస్తే పట్టుకోవడానికి రెండు మూడు కవర్లు, ఫోను ఛార్జరు ఉంటే సరిపోతుంది. ఎయిర్ కండిషన్ గదిలో గంటల తరబడి కూర్చుంటే, నరంలోకి చల్లటి ద్రవం ఎక్కుతుంటే చాలామందికి చలి పుడుతుంది కాబట్టి శాలువా మరిచిపోవద్దు. నగలు ఇంట్లోనే ఉంచండి. సూది వేసే చేతికి గాజులు తీసేయండి. గోళ్ల రంగు తుడిచేయండి, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసే పరికరానికి అది అడ్డు వస్తుంది. జాకెట్టు చేతులు బిగుతుగా ఉంటే సూది వేయడానికీ, బీపీ చూడడానికీ కష్టం. చేతులు వదులుగా, ముందువైపు తెరుచుకునేలా ఉన్న నూలు బట్టలు హాయిగా ఉంటాయి. పోర్ట్ ఉన్నవారికైతే అవి తప్పనిసరి.

వెంట ఒక్కరు వస్తే చాలు. ఆ ఒక్కరూ చదవగలిగినవారు, తొందరపడనివారు, ఫోన్ ఎత్తేవారు అయి ఉండాలి. జీపు నిండా బంధువులు రావడం వల్ల రోగికి ధైర్యం వస్తుందన్నది పొరపాటు. డే కేర్ లోపలికి సాధారణంగా ఒక్కరినే పంపుతారు, మిగిలినవాళ్లు వరండాలో పడే అవస్థ చూసి ఆమె మనసు అటే లాగుతుంటుంది.

ఆ ఉదయం

ఖాళీ కడుపుతో రమ్మని ప్రత్యేకంగా చెబితే తప్ప, తిని బయలుదేరండి. రెండు ఇడ్లీలు, ఉప్మా, కొంచెం పెరుగన్నం, ఏదైనా సరే తేలికగా ఉంటే మంచిది. పూరీ, బజ్జీ, ఊరగాయ ఆ పూటకు వద్దు. బీపీ, థైరాయిడ్ మాత్రలు మామూలుగానే వేసుకోండి, షుగర్ మందు సంగతి ముందుగా అడిగి తెలుసుకోండి. వాంతుల నివారణకు ఇచ్చే డెక్సామెథసోన్ షుగర్‌ను పెంచుతుంది కాబట్టి మధుమేహం ఉన్నవారికి ఆ రెండు మూడు రోజులు మోతాదు మార్చవలసి రావచ్చు. శనివారమనో, గురువారమనో ఉపవాసం ఉండేవారు ఆ రోజు మానుకోవాలి. నీళ్లు బాగా తాగితే నరం తేలిగ్గా దొరుకుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ వల్ల మూత్రాశయం లోపలి పొర పుండు పడకుండా ఉండడానికి కూడా నీళ్లే ముఖ్యం. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పినవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

ఆసుపత్రిలో జరిగే వరుస

పేరు నమోదు, బరువు, ఎత్తు, బీపీ, నాడి, జ్వరం, ఇలా మొదలవుతుంది. బరువు, ఎత్తు తీసుకోవడం ఏదో లాంఛనం అనుకోవద్దు. ఆ రెండింటి నుంచి శరీర ఉపరితల వైశాల్యం లెక్కగట్టి, దాన్ని బట్టి మందు మోతాదు నిర్ణయిస్తారు. ఉదాహరణకు 155 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న స్త్రీకి అది సుమారు 1.6 చదరపు మీటర్లు. ఏసీలో డాక్సోరుబిసిన్ మోతాదు చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాములు కాబట్టి ఆమెకు 96 మిల్లీగ్రాములు పడుతుంది. అందుకే చెప్పులు విప్పి, శాలువా తీసి, చేతిసంచి పక్కన పెట్టి బరువు చూపించుకోండి. ఎవరైనా పాత చీటీలోని బరువే రాసేస్తుంటే మళ్లీ చూడమని మర్యాదగా అడగండి.

తర్వాత డాక్టరు రిపోర్టులు చూస్తారు. సాధారణంగా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు మైక్రోలీటరుకు 1,500, ప్లేట్‌లెట్లు లక్ష దాటి ఉంటే ముందుకు వెళతారు. ఇక్కడే మీ పుస్తకంలోని ప్రశ్నలు అడగాలి. గతంలో ఏ మందైనా పడకపోవడం, గుండెజబ్బు, ఆయాసం, నిన్నటి నుంచి ఉన్న దగ్గు, మూత్రంలో మంట, ఇవి అడగకపోయినా చెప్పాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉందేమో అడగండి, లేకపోతే చదివి వినిపించమనండి. అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

అంతా సరే అనుకున్న తర్వాతే ఫార్మసీలో మీ మందు కలపడం మొదలవుతుంది. ఈ మందులను గాలి బయటికి రాని ప్రత్యేకమైన క్యాబినెట్‌లో, చేతి తొడుగులతో, మీ మోతాదుకు సరిపడా కొలిచి కలుపుతారు. అందుకే మందు ఎక్కే సమయం రెండు గంటలే అయినా, మొత్తం రోజు పోతుంది. మనల్ని మరిచిపోయారేమోనని కంగారు పడే బదులు, ఎంతసేపు పట్టవచ్చో సిస్టర్‌ను అడిగి, ఆ లోపు కొంచెం తిని, ఒకసారి మూత్రానికి వెళ్లి రండి.

మందు ఎక్కేటప్పుడు

మొదట చేతి నరంలో క్యాన్యులా (మందు ఎక్కించే సన్నని గొట్టం) పెడతారు. ఏ వైపు ఆపరేషన్ అయిందో మీరే ముందుగా చెప్పండి, ఫైలులో ఉంటుంది కదా అని ఊరుకోవద్దు. ముంజేయి మధ్య భాగంలో వేస్తే మంచిది. మోచేతి మడత దగ్గరా, మణికట్టు దగ్గరా వేస్తే చెయ్యి కదిలినప్పుడు సూది జారే అవకాశం ఉంది. ఆ తర్వాత వాంతులు రాకుండా ఉండేందుకు అరగంట సేపు ఇంజెక్షన్లు ఇస్తారు. వాంతులకే ఇచ్చే అప్రెపిటాంట్ క్యాప్సూల్ రాసి ఉంటే అది కీమోకు గంట ముందు మింగాలి, ఇంట్లో మింగి రావాలా అక్కడే ఇస్తారా అన్నది ముందు రోజే అడిగి తెలుసుకోవాలి.

మందు తెచ్చినప్పుడు సిస్టర్ మీ పేరు అడుగుతారు. మీరే నోటితో మీ పూర్తి పేరు చెప్పండి, వెంట వచ్చినవారు సంచి మీది పేరు, మందు పేరు చదివి చూడండి. ఒకే పేరు ఉన్నవాళ్లు ఒకే రోజు ఇద్దరు ముగ్గురు ఉండడం మన దగ్గర సర్వసాధారణం. ఈ తనిఖీ సిస్టర్‌ను అనుమానించినట్టు కాదు, మంచి సిస్టర్లు దాన్ని ఇష్టపడతారు.

డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది. పెద్ద సిరంజీలో తెచ్చి, సెలైన్ వేగంగా పడుతుండగా పక్క ద్వారం నుంచి కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. మధ్యమధ్యలో సిరంజీ వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూస్తారు, అంటే సూది నరంలోనే ఉందని రూఢి చేసుకుంటారు. ఈ పది పదిహేను నిమిషాలు ఆ రోజు మొత్తంలో చాలా కీలకమైనవి. ఈ మందు నరం దాటి కండలోకి పొంగితే అక్కడి చర్మం, కింది కణజాలం కాలినట్టు చెడిపోతాయి, గాయం వారాల తరబడి మానదు. కాబట్టి ఆ చెయ్యి కదపకుండా ఉంచి, సూది ఉన్న చోటే చూస్తూ ఉండండి. మంట, పోటు, ఉబ్బు, బిగుతు ఏది తోచినా ఆ క్షణమే ‘సిస్టర్, మండుతోంది’ అని గట్టిగా చెప్పండి. వెంటనే ఆపితే నష్టం చాలావరకు తప్పుతుంది. ఇది అయ్యేదాకా మూత్రానికి లేవకూడదు, ఫోన్ మాట్లాడకూడదు, నిద్రపోకపోతే ఇంకా మంచిది.

ఆ తర్వాత సైక్లోఫాస్ఫమైడ్ సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. వేగంగా పడితే కొందరికి ముక్కు దిబ్బడ వేసినట్టు, నుదుటి దగ్గర నొప్పిగా ఉంటుంది. చెబితే వేగం తగ్గిస్తారు, అంతటితో సర్దుకుంటుంది. ఈ సమయంలో స్టాండు తోసుకుంటూ మూత్రానికి వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా.

మీ తొలి మందు ఏసీ కాకుండా పాక్లిటాక్సెల్ అయితే జాగ్రత్త వేరుగా ఉంటుంది. ఆ మందు పడకపోతే సాధారణంగా మొదటి పది నిమిషాల్లోనే, మొదటి రెండు సార్లలోనే తెలిసిపోతుంది. ముఖం ఎర్రబడి వేడెక్కడం, ఛాతీ బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం, నడుం దగ్గర ఉన్నట్టుండి నొప్పి దాని లక్షణాలు. అది రాకుండా ముందుగానే ఇంజెక్షన్లు ఇస్తారు, ఆ ఇంజెక్షన్ల వల్ల సాధారణంగా మగత వస్తుంది. అయినా వస్తే మందు ఆపి, తగ్గాక చాలామందికి నెమ్మదిగా మళ్లీ మొదలుపెడతారు.

ఇంటికి బయలుదేరే ముందు

క్యాన్యులా తీసిన చోట దూది పెట్టి ఐదు నిమిషాలు నొక్కి పట్టుకోండి. ఇంటి మందుల చీటీని సిస్టర్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చదివించుకోండి. వాంతుల మాత్రలు వాంతి వచ్చాక వేసుకునేవి కావు, రాకుండా వేసుకునేవి, కాబట్టి కడుపు బాగానే ఉన్నా చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. డెక్సామెథసోన్ ఉదయం తిన్నాక వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. ఒలాంజపిన్ అనే వాంతుల మాత్ర ఇస్తే అది రాత్రికే, దానివల్ల మర్నాడు కూడా మత్తుగా ఉండవచ్చు.

తెల్ల కణాలు పెరగడానికి ఇంజెక్షన్ రాసి ఉంటే అది కీమో పూర్తయిన 24 గంటలు దాటాకే వేయించుకోవాలి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఊరికి బస్సులో తీసుకువెళ్లేవారు థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్ పెట్టి, ఇంజెక్షన్ దానికి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ ఉంచాలి. ఇంటికి చేరాక ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాలి గానీ, డీప్ ఫ్రీజర్‌లో పెడితే మందు పాడైపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒక ఫోన్ నంబరు. అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ గేటు నుంచి రావాలి అని అడిగి, ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఆసుపత్రికి నాలుగైదు గంటల దూరంలో ఉండేవారు, మీ ఊరికి దగ్గరలో రక్తపరీక్షలు, నరం ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వగల ఆసుపత్రి ఏదో అప్పుడే ఎంచుకుని, అక్కడ చూపించడానికి ఏ మందు ఏ తేదీన ఇచ్చారో రాసిన కాగితం అడిగి తీసుకోండి.

ఆ రాత్రి, ఆ తర్వాత

ఇంటికి వెళ్లాక మూత్రం ఎర్రగా రావచ్చు. అది రక్తం కాదు, డాక్సోరుబిసిన్ రంగు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆ తర్వాత కూడా ఎరుపు ఉన్నా, మంట ఉన్నా ఫోన్ చేయాలి. మొదటి 48 గంటలు మూత్రం, వాంతి, మలంలో మందు ఆనవాళ్లు ఉంటాయి కాబట్టి మరుగుదొడ్డి వాడాక మూత వేసి రెండుసార్లు నీళ్లు కొట్టండి. వాంతి శుభ్రం చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఆమెకు అప్పగించవద్దు. అంతకుమించి దూరం పెట్టడం అనవసరం, అన్యాయం కూడా. కీమో తీసుకున్న మనిషి పక్కన పడుకోవచ్చు, ఒకే కంచం దగ్గర కూర్చుని తినవచ్చు, మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. వేరే గది, వేరే మంచం, గుమ్మం దగ్గర నుంచే పలకరింపు, ఇవి ఆ మనిషిని జబ్బు కంటే ఎక్కువగా కుంగదీస్తాయి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్న బంధువులను మాత్రం నిర్మొహమాటంగా తర్వాత రమ్మనండి.

తిండి విషయంలో మన పథ్యాల వల్ల చాలామంది అనవసరంగా బరువు తగ్గిపోతారు. గుడ్డు వేడి, పప్పు వాతం, చికెన్ పడదు అంటూ ఒక్కొక్కటీ తీసేసి చివరికి చారన్నం మిగులుస్తారు. కీమో సమయంలో శరీరానికి మాంసకృత్తులు ఎక్కువగా కావాలి. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, పాలు, బాగా వండిన చేప, చికెన్ అన్నీ పెట్టవచ్చు. చేయవలసిన జాగ్రత్త ఏమిటంటే అప్పటికప్పుడు వండి వేడిగా పెట్టడం, కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వడం, పండ్లు కడిగి తొక్క తీసి పెట్టడం, రాత్రి మిగిలినవి, బయటి పానీపూరీ, చెరకు రసం, ఐసు వేసిన జ్యూస్ మానిపించడం. ఒకేసారి కడుపునిండా తినలేకపోతే రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. వాసన పడకపోతే అన్నం చల్లారాక పెట్టి చూడండి. వాంతుల మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది, రెండు రోజులు విరేచనం కాకపోతే చెప్పాలి. గుక్కెడు నీళ్లు కూడా నిలవకుండా వాంతులు అవుతుంటే తెల్లారేదాకా ఆగవద్దు.

జ్వరం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. ఏసీ ఇచ్చాక తెల్ల కణాలు ఎక్కువగా పడిపోయేది పదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో. ఆ రోజుల్లో మనిషి చూడడానికి బాగానే ఉంటుంది, తొలి రోజుల నీరసం కూడా తగ్గి ఉంటుంది. అందుకే అందరూ ఏమరుపాటుగా ఉంటారు. డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని పెట్టుకోండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించినా, వణుకు వచ్చినా, జ్వరం లేకుండానే ఉన్నట్టుండి మగతగా, తేడాగా ఉన్నా, అర్ధరాత్రి అయినా సరే ఆ నంబరుకు ఫోన్ చేసి బయలుదేరాలి. ముందు పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు, అది జ్వరాన్ని కప్పిపెడుతుంది గానీ ఇన్ఫెక్షన్‌ను ఆపదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్ చేయించుకోవడం మరీ ప్రమాదం. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే సూది గుచ్చిన చోట లోపల రక్తం గడ్డకడుతుంది, అసలు చికిత్సకు వెళ్లవలసిన విలువైన గంటలు కూడా పోతాయి.

జుట్టు రెండో వారం చివర్లోనో, మూడో వారంలోనో రాలడం మొదలవుతుంది. ఏసీతో దాదాపు అందరికీ రాలుతుంది, చికిత్స అయ్యాక తిరిగి వస్తుంది. దిండు నిండా వెంట్రుకలు చూసి తల్లడిల్లే బదులు, ముందుగానే జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం చాలామందికి తేలికగా అనిపిస్తుంది. అయితే ఆ నిర్ణయం ఆమెదే కావాలి, తొందరపెట్టవద్దు.

ఇక రోజువారీ వివరాలు ఒక చిన్న పుస్తకంలో రాయండి. ఏ రోజు ఎన్నిసార్లు వాంతి అయింది, ఎంత తిన్నారు, విరేచనం ఎలా ఉంది, జ్వరం ఎంత, నోట్లో పుండ్లు ఉన్నాయా, సూది వేసిన నరం నల్లబడిందా అన్నవి రోజుకు రెండు వాక్యాలు చాలు. 21వ రోజుకు ఒకటి రెండు రోజుల ముందు రక్తపరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో పాటు ఈ పుస్తకాన్ని కూడా డాక్టరు ముందు పెట్టండి. రెండో సైకిల్‌కు వాంతుల మందు మార్చాలా, కణాలు పెరిగే ఇంజెక్షన్ చేర్చాలా, మోతాదు అలాగే ఉంచాలా అన్నది వారు నిర్ణయించేటప్పుడు అందులోని వివరాలు పనికొస్తాయి.